కడలిలోని మూటయు, ఆసుపత్రిలోని సీసాయు

2019వ సంవత్సరము సెప్టెంబరు మాసములో కార్ నికోబారు దీవికి చేరువనున్న సముద్రమున భారత తీరరక్షక దళమువారు మయన్మారు పడవ నొకదానిని అడ్డగించి పట్టుకొనిరి. అందు ఆరుగురు మనుష్యులుండిరి. పడవను సోదా చేయగా పొట్లములుగా కట్టిన పొడి బయటపడినది. మొత్తము తూకము 1,160 కిలోలు. పరీక్షలో అది కెటమీన్ అను మందని తేలినది. దాని వెల సుమారు మూడువందల కోట్ల రూపాయలని అప్పటి పత్రికలు వ్రాసినవి.

వెల సంగతి అటుండనిండు. మరియొక లెక్క వేసి చూతము. శస్త్రచికిత్సకై ఒక మనుష్యునికి మత్తు ఇచ్చుటకు కెటమీన్ సుమారు గ్రాములో పదియవ వంతు చాలును. ఆ పడవలోని సరకు శుద్ధమైనదే యైనచో, అది ఒక కోటి పదునారు లక్షల మందికి సరిపోవును. 2011 జనాభా లెక్కల ప్రకారము అండమాన్ నికోబార్ దీవులన్నిటి జనసంఖ్య 3,80,581. ఉయ్యాలలోని బిడ్డ మొదలు మంచముపట్టిన ముదుసలి వరకు ప్రతివారికిని ముప్పదిమార్లు మత్తు ఇచ్చుటకు చాలిన మందు, ఏ వైద్యుని చీటియు లేక, మన సముద్రము మీద పోవుచుండెనన్నమాట.

“ఇది ఆసుపత్రిలో వాడు మందేకదా, అంత భయమేల?” అని చదువరులు కొందరు అడుగవచ్చును. ఆ ప్రశ్న సమంజసమైనదే. ఇటీవల సైకెడెలిక్ మందులు మనోవ్యాధులను కుదుర్చుచున్నవను వార్తలు పత్రికలలోను, చేతిఫోనులలోను విరివిగా కనబడుచున్నవి. అందు కొంత నిజము గలదు. ఆ కొంత నిజమును చూచి తక్కినదంతయు నమ్మువారున్నారు గనుక విషయమును మొదటినుండి చెప్పవలసియున్నది.

సైకెడెలిక్ మందులనగా మనస్సుయొక్క పోకడను, ఇంద్రియజ్ఞానమును మార్చివేయు ద్రవ్యములు. ఇవి తీసికొన్నవానికి రంగులు, శబ్దములు వింతగా తోచును. కాలము ఆగినట్లో, పరుగిడినట్లో యుండును. “నేను” అను భావమే కొంతసేపు చెదరిపోవచ్చును. ఎల్.ఎస్.డి.యు, కొన్ని జాతుల పుట్టగొడుగులలోనుండు సైలోసిబిన్‌ను ఈ తెగలో ముఖ్యమైనవి. ఇవి మెదడులో సెరటోనిన్ అను రసాయనము పట్టుకొను స్థానములపై పనిచేయును. కెటమీన్ వీనికి సొంత తోబుట్టువు కాదు, దాయాది యనవచ్చును. అది గ్లుటమేట్ అను వేరొక రసాయనముయొక్క మార్గమును అడ్డగించును. అయినను మనస్సును దేహమునుండి విడదీసినట్లు చేయుటలోను, లేనివి చూపుటలోను వానికి దగ్గరగానేయుండుటచే లోకము దీనిని వానితో జేర్చియే మాటలాడుచున్నది.

కెటమీన్‌ను 1962లో అమెరికాలో కాల్విన్ స్టీవెన్స్ అను రసాయన శాస్త్రజ్ఞుడు తయారుచేసెను. 1964లో ఎడ్వర్డ్ డొమినో అను వైద్యుడును, ఆయన సహచరుడును దానిని మొదటిసారిగా మనుష్యులకిచ్చి పరీక్షించిరి. మందు పుచ్చుకొన్నవారు కన్నులు తెరచియే యుందురు, కాని నొప్పి తెలియదు. తాము ఎచ్చటనో తేలుచున్నట్లు చెప్పిరి. ఈ స్థితికి “దేహమునుండి విడివడిన మత్తు” అను అర్థమిచ్చు పేరును సూచించినది డొమినోగారి భార్యయట. శాస్త్రమున గొప్ప పేర్లు కొన్ని ఇంటిలో భోజనమువేళ పుట్టుచుండును కాబోలు.

1970లో ఆ దేశ ప్రభుత్వము ఈ మందును అంగీకరించినది. 1985నుండి ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అత్యావశ్యక ఔషధముల పట్టికలో నున్నది. కారణమేమనగా, సాధారణ మోతాదులో తక్కిన మత్తుమందులవలె ఇది ఊపిరిని అణచివేయదు, రక్తపుపోటును పడిపోనీయదు. పెద్ద యంత్రములు లేనిచోట, విద్యుత్తు నిలకడగా లేనిచోట, యుద్ధరంగమున, భూకంపము వచ్చిన ఊరిలో విరిగిన ఎముకను కూర్చుటకు, కాన్పు కష్టమైన తల్లికి ఆపరేషను చేయుటకు వైద్యుడు దీనిని నమ్ముకొనును. నడుమ వందల మైళ్ల నీరుండి, వాతావరణము చెడినచో ఓడయు హెలికాప్టరును కదలని దీవులలో నివసించువారికి ఇట్టి మందు విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 2015లో దీనిని అంతర్జాతీయ నిషేధ పట్టికలో చేర్పవలెనని చైనా దేశము ప్రతిపాదింపగా, పేద దేశములలో శస్త్రచికిత్సలే ఆగిపోవునని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు వలదనిరి. ఆ ప్రతిపాదన వాయిదాపడినది. అది సరియైన నిర్ణయమేయని మా అభిప్రాయము.

ఇక మనోవ్యాధి సంగతి. 2000 సంవత్సరములో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు తీవ్రమైన మానసిక కుంగుబాటుతో బాధపడు కొద్దిమంది రోగులకు, మత్తు మోతాదుకంటె చాల తక్కువగా కెటమీన్‌ను నలువది నిమిషములపాటు నరములోనికి ఎక్కించిరి. సాధారణమైన కుంగుబాటు మందులు పనిచేయుటకు వారములు పట్టును. ఇది గంటలలోనే మార్పు చూపినది. ఆత్మహత్య తలంపులతో నలుగువారి విషయమున ఈ త్వరకు గల విలువను వైద్యులు వెంటనే గ్రహించిరి. తరువాతి పరీక్షలును ఈ సంగతినే చాలవరకు బలపరచినవి. 2019 మార్చిలో ఈ మందునుండి తీసిన ఎస్‌కెటమీన్ అను ముక్కులో చల్లు మందును అమెరికా అంగీకరించినది. కాని ఎట్లు? రోగి వైద్యుని సమక్షముననే తీసికొనవలెను. కనీసము రెండు గంటలు అచ్చటనే పరిశీలనలో నుండవలెను. రాత్రి నిద్రించి లేచునంతవరకు బండి నడుపరాదు. ఇంటికి తీసికొనిపోవుటకు వీలు లేదు. పైగా ఒకమారు ఇచ్చిన మందు గుణము చాలమందిలో కొద్దిదినములలో తగ్గిపోవును.

ఎల్.ఎస్.డి., సైలోసిబిన్ల కథ ఇంతకంటె పాతది. స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో ఎల్.ఎస్.డి.ని తయారుచేసి, 1943 ఏప్రిల్ 19న పావు మిల్లీగ్రాము తానే మ్రింగి, సైకిలు మీద ఇంటికి పోవుచు భయంకరమైన భ్రాంతులకు లోనయ్యెను. పావు మిల్లీగ్రామనగా కంటికి ఆనని నలుసు. తరువాత ఇరువదియేండ్లు వైద్యులు వీనిని త్రాగుడు మాన్పించుటకును, మరణభయమును తొలగించుటకును ప్రయోగించిరి. 1971లో ఐక్యరాజ్యసమితి ఒడంబడికతో అవి కట్టుబాటులోనికి వచ్చినవి. పరిశోధన చాలకాలము మూలబడినది. ఇప్పుడు మరల సాగుచున్నది. 2023 జూలై 1నుండి ఆస్ట్రేలియా దేశము, తక్కిన చికిత్సలకు లొంగని కుంగుబాటుకు సైలోసిబిన్‌ను ప్రత్యేకానుమతి పొందిన మనోవైద్యులు ఇచ్చుటకు సమ్మతించినది. ఎం.డి.ఎం.ఏ. అను మరియొక మందు విషయమున 2024 ఆగస్టులో అమెరికా ప్రభుత్వ శాఖ “సాక్ష్యము చాలదు” అని దరఖాస్తును త్రోసిపుచ్చినది. అనగా పెద్దలలోనే ఏకాభిప్రాయము లేదు. మన దేశములో ఈ మూడింటిలో దేనికిని వైద్యమున అంగీకారము లేదు.

ఇన్ని పరీక్షలలోను ఒక సంగతి గమనింపదగినది. మందు ఒంటరిగా పనిచేయలేదు. రోగిని ముందుగా ఎంచుదురు. వానికిగాని, వాని రక్తసంబంధులకుగాని చిత్తవిభ్రమ రోగమున్నచో సాధారణముగా చేర్చుకొనరు. గుండె పరీక్షింతురు. మందు పనిచేయునంతసేపు శిక్షణ పొందినవారు ప్రక్కనే కూర్చుందురు. తరువాత వానితో దినముల తరబడి మాటలాడుదురు. విందులో చేతికందిన కాగితపు ముక్కలో ఇవేవియు లేవు. ఆ కాగితముపై నున్నది ఎల్.ఎస్.డి. యేనను నమ్మకమును లేదు. దాని పేర అమ్మిన వేరు రసాయనములవలన మరణములు సంభవించినవి.

కెటమీన్‌ను వినోదమునకు మరగినవారికి కలుగు కీడులలో మొదట చెప్పదగినది మూత్రాశయ వ్యాధి. 2007లో కెనడా వైద్యులు దీనిని వివరముగా వర్ణించిరి. ఎడతెగక వాడువారి మూత్రాశయపు లోపలి పొర పుండుపడి, సంచి కుంచించుకొనిపోవును. మూత్రమునకు మాటిమాటికి లేవవలెను. నొప్పి, రక్తము కనిపించును. ఆ నొప్పి తగ్గుటకని మరల అదే మందు పీల్చుదురు! ముదిరినచో మూత్రపిండములును చెడును. కొందరికి మూత్రాశయమునే తీసివేయవలసివచ్చినది. ఇరువది, ముప్పదియేండ్ల పడుచువారికి వచ్చుచున్న వ్యాధి ఇది. సిగ్గుచే ఇంటిలో చెప్పరు. వైద్యుడు అడిగినను కెటమీన్ మాట దాచుదురు. మాన్పినచో తొలిదశలో చాలవరకు కుదురును గనుక దాచుటయే ఎక్కువ నష్టము.

రెండవది నీటిగండము. అమెరికా నటుడు మాథ్యూ పెర్రీ కుంగుబాటునకు వైద్యులచే కెటమీన్ చికిత్స పొందుచుండెను. అది చాలక దొంగచాటుగా కొని ఎక్కించుకొనసాగెను. 2023 అక్టోబరు 28న తన ఇంటి నీటితొట్టిలో చనిపోయి కనబడెను. కెటమీన్ తీవ్రప్రభావము ముఖ్య కారణమనియు, మునక దానికి తోడైనదనియు శవపరీక్ష తేల్చినది. ఒకే మనుష్యుడు, ఒకే మందు. వైద్యుని గది దాటగానే ఫలితము మారినది. కాలు చాచిన సముద్రమే యుండు మన దీవులలో, చేతులు కాళ్లు తనవి కానట్లు చేయు మందు ఎంత ప్రమాదమో వేటకు పోవు వారికి వేరుగా చెప్పవలెనా?

మన తెలుగువారికి ఈ విషయము కొత్తది కాదు. దొడ్డిలోని ఉమ్మెత్తను ఎరుగనివారెవరు? దాని గింజలు తిన్నవాడు లేని దారములు ఏరుచు, లేనివారితో మాటలాడును; కంటిపాప విప్పారును, నోరు ఎండును, జ్వరము కాయును, ప్రాణమే పోవచ్చును. ఆ మొక్కలోనేయున్న అట్రోపిన్‌ను శుద్ధిచేసి, పురుగుమందు త్రాగిన రైతును బ్రతికించుటకు ఆసుపత్రిలో నరమున కెక్కించుచున్నారు. అయినను పురుగుమందు త్రాగినవానికి ఉమ్మెత్తగింజ నూరిపోయుమని బుద్ధిగల వైద్యుడెవడును చెప్పడు. వానకాలపు పుట్టగొడుగుల సంగతియు నంతే. భ్రాంతి గొలుపునవియు, కాలేయమును చంపునవియు చూపునకు ఒక్కతీరుననే యుండవచ్చును.

చట్టమును గూర్చి క్లుప్తముగా. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము క్రిందికి కెటమీన్ 2011లో చేరినది. ఎల్.ఎస్.డి. గ్రాములో పదియవ వంతునకు మించి దొరికినచో అది వ్యాపార పరిమాణమే. శిక్ష పదినుండి ఇరువదియేండ్ల కారాగారము. 2013నుండి కెటమీన్ ఔషధ నిబంధనల “ఎక్స్” పట్టికలో నుండుటచే మందుల దుకాణములలో తాళము క్రింద నుంచి, వైద్యుని చీటి ప్రతిని రెండేండ్లు భద్రపరుపవలెను. ఇదే చట్టములోని 64ఏ నిబంధన ననుసరించి, అలవాటుపడినవాడు కొద్ది పరిమాణముతో పట్టువడినను, తానై ప్రభుత్వము గుర్తించిన ఆసుపత్రిలో చికిత్సకు వచ్చి, దానిని పూర్తిచేసినచో విచారణనుండి రక్షణ గలదు. ఈ సంగతి ఎరుగక తల్లిదండ్రులు బిడ్డను ఇంటిలో దాచుకొనుచున్నారు.

2024 నవంబరులో బారెన్ దీవి చేరువ మరియొక మయన్మారు పడవలో సుమారు 6,000 కిలోల మెథాంఫెటమీన్ పట్టువడినది. అది సైకెడెలిక్ కాదు. గుండెను, మెదడును రేచి మనిషిని కాల్చివేయు వేరు జాతి మందు. పొట్లము చూచినంతమాత్రమున ఏది ఏదియో చెప్పుట ఎవరితరమును గాదు. ఈ ప్రాంతమున దొంగసరకును చైనా తేయాకు కవరులలో నింపు పద్ధతియు గలదు. కనుక శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండి వచ్చి ఈ దీవులలో వేట సాగించుచున్న మన మత్స్యకార సోదరులకు వలలోగాని, ఒడ్డునగాని అట్టి మూట కనబడినచో విప్పరాదు, వాసన చూడరాదు, నాలుకపై వేసికొనరాదు. సరంగు స్థలమును, వేళను గుర్తించి తీరరక్షక దళమునకు 1554 నంబరునకుగాని, మాదకద్రవ్యముల సమాచారమునకై ఏర్పడిన 1933 నంబరునకుగాని తెలుపవలెను.

ఎవడైన అట్టిది తిని భ్రాంతిలో పడినచో కొట్టుట, కట్టివేయుట, నీళ్లు కుమ్మరించుట వలదు. నీటికిని, మెట్టకును దూరముగా, వెలుతురు తక్కువగానున్న నిశ్శబ్దమైన చోట కూర్చుండబెట్టి, తెలిసినవారొకరు ప్రక్కననే యుండి మెల్లగా మాటలాడవలెను. స్పృహ తప్పినచో ఒక ప్రక్కకు పండబెట్టవలెను. మూర్ఛ వచ్చినను, జ్వరము కాసినను, ఊపిరి మందగించినను ఆలసింపక ఆసుపత్రికి చేర్పవలెను. ఏమి తిన్నాడో, ఎంత తిన్నాడో, మద్యముగాని, లిథియమువంటి మందుగాని తోడైనదో వైద్యునికి దాచక చెప్పవలెను. మిగిలిన పొట్లమున్నచో దానినికూడ తీసికొనిపోవుట మేలు. కుంగుబాటుతో నిద్రపట్టక, ఫోనులో చూచిన వింత మందును వెదకుచున్నవారు మొదట 14416 నంబరునకు పిలువవచ్చును. టెలి-మానస్ అను ఆ ప్రభుత్వ సేవ రాత్రింబవళ్లు ఉచితముగా నడచుచున్నది; తెలుగులోనే మాటలాడవచ్చును.