డిప్రెషన్ అను మాట, మన మనాది



ఈ దినమున నొక యింగ్లీషు మాటను గూర్చి మీతో ముచ్చటింపదలచితిని. ఆ మాట డిప్రెషన్. కొడిమ్యాల ప్రాంతమున చదువుకొను పిల్లల నోటను, వైద్యుల నోటను నిది వినవచ్చుచున్నది. మాట వచ్చినది గాని దాని యర్థము చక్కగా రాలేదు.

లాటిను భాషలో క్రిందికి నొక్కుట యను నర్థముగల ధాతువునుండి యీ మాట పుట్టినది. నేలయందలి పల్లమును డిప్రెషన్ అందురు. బంగాళాఖాతమున గాలులు గంటకు 31 మొదలు 50 కిలోమీటర్ల వేగముతో సుడి తిరిగినచో దానికి నదియే పేరు. మనము వాయుగుండ మందుము. 1929లో అమెరికాలో మొదలై మన దేశమున పంటల ధరలను గూడ పడగొట్టిన ఆర్థికమాంద్యమునకును అదియే పేరు. మనస్సు క్రుంగుటకును అదే మాట. అయితే ఒకనాటి విచారమునకును, నెలల తరబడి వేధించు రోగమునకును ఇంగ్లీషువారు దీనినే వాడుటవలన చిక్కు గలుగుచున్నది.

మన పల్లెలలో ఈ భేదము తెలుపు మాటలు మూడున్నవి: దుఃఖము, రంది, మనాది.

2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటు రోడ్డుపై బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిరి. వారిలో పలువురు కొడిమ్యాల మండలమువారే. ఆ యిండ్లవారు పడినది దుఃఖము. అది రోగము కాదు. ఏడ్వనిచ్చి, నలుగురు చెంత నుండుటయే దానికి మేలు. బావి యెండినది, అప్పు తీరలేదు, గల్ఫునకు పోయిన కొడుకు ఫోను చేయలేదు అను చింత రంది. కారణము తీరినచో నదియు తీరును. మనాది యట్లు కాదు. కారణము తీరినను విడువదు. ఒక్కొక్కచో కారణమే కానరాదు. ఆధి, వ్యాధి యని మన పూర్వులు జంటగా జెప్పిరి గదా! ఆధి మనస్సునకు, వ్యాధి శరీరమునకు.

వైద్యులు డిప్రెషన్ అనునది యీ మనాదినే. రెండు వారములకు తక్కువ గాకుండ, దినములో నధికభాగము మనస్సు క్రుంగియుండుట, ఇష్టమైన పనిపైనను ఆసక్తి లేకుండుట ముఖ్యలక్షణములు. నిద్రాహారములు చెడుట, నీరసము, నేనెందులకును పనికిరానను తలపు, చావు తలపు వీనితో గూడి వచ్చును.

నా బంధు వొకడు పొలమునకు పోక మంచము పట్టియుండగా, సోమరియని నలుగురిలో గద్దించితిని. అతడు బదులాడక గోడవైపు తిరిగెను. పిమ్మట వైద్యుడు చూచి మందిచ్చెను. కొన్ని వారములకు గాని గుణము కనబడలేదు; కాని కనబడెను. అతడు మరల పొలమునకు పోయెను. నా గద్దింపు మాత్రము నన్ను నేటికిని బాధించుచున్నది.

పెద్దలు మీరు. ఇట్టివానికి ధైర్యము చెప్పి యూరకుండవలదు; ప్రక్కన గూర్చుండి వినుడు. చావు తలపు వచ్చుచున్నదా యని సూటిగా నడుగుడు. అడిగినందున ఆ తలపు పుట్టదు. వచ్చుచున్నదన్నచో ఒంటరిగా విడువక, పురుగులమందును అందకుండ దాచి, వెంటనే వైద్యుని యొద్దకు గొనిపొండు. 2022లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలీ మానస్‌కు 14416 సంఖ్యపై రేయింబవళ్లు ఉచితముగా మాటలాడవచ్చును. మందు మొదలిడిన పిదప వైద్యుడు చెప్పక మాననీయవలదు.

మనాదికి మందు లేదని మన తాతలనాడు అనిరి. నేడు కలదు. ఈ సంగతి మీ నోట విన్నచో ఊరు నమ్మును.

సెలవు.