తలుపు మూసి విప్పిన రహస్యం

కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు సృష్టించిన షాడో తెలుగు పాఠకులకు ఇంటి మనుషుల్లాంటివారు. అద్దె పుస్తకాల షాపులో నవల తెచ్చుకుని, పాఠ్యపుస్తకం మధ్యలో దాచి, పెద్దల కంటపడకుండా చదివిన తరం మనది. ఇప్పుడు మన సంఘాల్లోని యువతరం సెల్‌ఫోన్లలో మరో రకం నవలలున్నాయి. ఒక గూఢచారి, ఒక ప్రేమ, ఒక కుటుంబ రహస్యం, వాటి మధ్య ఒక ప్రార్థన! అమెరికాలో వీటిని క్రిస్టియన్ రొమాంటిక్ సస్పెన్స్ అంటారు. డీ హెండర్సన్, టెర్రీ బ్లాక్‌స్టాక్, లినెట్ ఈసన్ వీటికి పేరుపొందిన రచయిత్రులు. క్రైస్తవ నవలలకు 2000 నుంచి క్రిస్టీ అవార్డులు కూడా ఇస్తున్నారు. కేథరిన్ మార్షల్ 1967లో వెలువరించిన ‘క్రిస్టీ’ నవల పేరే ఆ అవార్డుకు పెట్టారు.

‘విశ్వాసుల పిల్లలు ఇలాంటివి చదవొచ్చా అయ్యగారూ?’ అని తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. గూఢచారుల కథంటే భయపడాల్సిన పని లేదు. వారిని ‘వేగులవారు’ అని పిలిచి బైబిలే వారి కథలు చెప్పింది. అయితే చదివేవారు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. ఈ కథలో రహస్యం ఎవరిని కాపాడుతోంది?

యెరికో గోడమీద ఇల్లున్న రాహాబు ఒక వేశ్య. యెహోషువ పంపిన ఇద్దరు వేగులవారిని మిద్దెమీద జనుపకట్టెలో దాచింది. రాజు మనుషులొస్తే వారిని మరో దారిన పంపింది. కిటికీకి కట్టిన ఎర్రని దారం ఆమె కుటుంబమంతటినీ కాపాడింది (యెహోషువ 2, 6 అధ్యాయాలు). తర్వాత ఆమె శల్మానుకు భార్య అయింది. ఆ శల్మాను ఇద్దరు వేగులవారిలో ఒకడని కొందరు నవలాకారులు కల్పిస్తారు గాని బైబిలు అలా చెప్పలేదు. బైబిలు చెప్పింది అంతకన్నా గొప్పది. ఏ కుటుంబమైనా దాచిపెట్టాలనుకునే ఆమె పేరును మత్తయి యేసుక్రీస్తు వంశావళిలోనే రాసిపెట్టాడు (మత్తయి 1:5).

గత శతాబ్దంలోనూ ఇలాంటి గాథ ఉంది. జర్మనీకి చెందిన పాస్టర్ డీట్రిచ్ బాన్‌హోఫర్ హిట్లర్ కాలంలో సైనిక గూఢచారి విభాగంలో పనిచేస్తూ, లోలోపల హిట్లర్ వ్యతిరేకులకు తోడుగా నిలిచాడు. 1943 జనవరిలో మరియా ఫాన్ వెడెమేయర్‌తో ఆయనకు నిశ్చితార్థమైంది. ఏప్రిల్ 5న అరెస్టయ్యాడు. వారి ప్రేమ జైలు ఉత్తరాల్లోనే బతికింది. 1945 ఏప్రిల్ 9న ఆయన్ను ఉరితీశారు. పెళ్లి జరగనే లేదు. నవలైతే చివరి పేజీలో పెళ్లి చేసేది!

రాహాబు, బాన్‌హోఫర్ దాచింది ఎదుటివారి ప్రాణం కోసం. కాని తమను తాము కాపాడుకోవడానికి దాచినవారూ బైబిల్లో ఉన్నారు. పదిహేడేళ్ల యోసేపును అన్నలు ఇరవై తులముల వెండికి అమ్మేశారు. అతని అంగీని మేకపిల్ల రక్తంలో ముంచి తండ్రికి చూపించారు. ఆ కుటుంబ రహస్యం దాదాపు 22 ఏళ్లు ఆ ఇంట్లో అందరితోపాటు కూర్చుని భోంచేసింది. యాకోబు ఏడుస్తుంటే ఓదార్చినవారిలో అబద్ధమాడినవారూ ఉన్నారు. చివరికి కరువు వారిని ఐగుప్తుకు తెచ్చింది. గుర్తుపట్టని యోసేపు ముందు నిలబడితే ఆయన వారిపై మోపిన నేరమేమిటి? వేగులవారని! (ఆదికాండము 42:9). చేయని నేరం మీద పడగానే చేసిన నేరం వారికి గుర్తొచ్చింది.

ఆ తర్వాత యోసేపు చేసిన పని ఏ సస్పెన్స్ నవలలోనూ అంత తేలిగ్గా కనిపించదు. ‘నేనే యోసేపును’ అని తెలియజేయడానికి ముందు గదిలోని ఐగుప్తీయులందరినీ బయటికి పంపేశాడు (ఆదికాండము 45:1). ఆయన ఏడుపు బయటివారికి వినిపించింది గాని, అన్నలను నిలబెట్టి వారి నేరం చదివి వినిపించింది లేదు. రహస్యం బయటపడాల్సిందే. కాని అది బజారులో కాదు, తలుపు మూసిన ప్రేమలో బయటపడాలి.

ఇది మన వీధులకు ఎందుకు చెప్పాలంటే, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం చుట్టూ, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లలో వేలమంది పిల్లలు ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నారు. నారాయణగూడ నుంచి ఆ దారిన నడిచి చూడండి, ప్రతి టీకొట్టు దగ్గరా వారే. వారిలో ఎంతోమంది ఒక్క అబద్ధంతో బతుకుతుంటారు. పరీక్ష పోయిందని ఇంట్లో చెప్పరు. ‘రిజల్ట్ ఇంకా రాలేదమ్మా’ అంటారు. మరోవైపు ఊళ్లోని తండ్రి, ఫీజు కోసం చేసిన అప్పును కొడుక్కి చెప్పడు. అటూ ఇటూ ప్రేమే ఉంది. మధ్యలో భయమనే గోడ నిలబడింది. ఆ గోడ కూలే రోజు ఒక్కోసారి ప్రాణమే తీస్తుంది.

అందుకే తల్లిదండ్రులారా, నిజం చెప్పమని పిల్లల్ని గద్దించేముందు మీరు యోసేపు చేసిన పని చేయండి. పక్కింటివారి పోలికలను, బంధువుల ఫోన్లను, ‘నలుగురూ ఏమనుకుంటారు’ అనే మాటను గదిలోంచి బయటికి పంపేయండి. తలుపు మూయండి. ఇప్పుడు అడగండి. యువతీయువకులారా, గుండెలో మోస్తున్నది తల్లికో తండ్రికో చెప్పలేకపోతే సంఘంలో ఒక పెద్దకైనా ఈ వారమే చెప్పండి. ఆ పెద్దలారా, విన్నది మీ దగ్గరే ఉంచండి. ప్రార్థన కోరికగా చేసి పదిమందికి చెప్పకండి!

సస్పెన్స్ నవలలో రహస్యం బయటపడితే కథ ముగుస్తుంది. యోసేపు ఇంట్లో మాత్రం ఆ రోజే అన్నదమ్ములు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు (ఆదికాండము 45:15).