“ఎప్పటికి మామూలవుతాడండీ?”

రాజమండ్రిలోనైనా భీమవరంలోనైనా, ఆటిజం ఉన్న పిల్లాణ్ణి థెరపీకి తీసుకెళ్లిన తల్లి మొదట అడిగే మాట ఇదే. అలా అడగడంలో తప్పేమీ లేదు. ఇంట్లో అత్తగారు, బడిలో టీచరు, పెళ్లిలో కలిసిన చుట్టాలు రోజూ ఆమెను అడుగుతున్నది అదేగా. కానీ థెరపిస్టు ఇచ్చే జవాబు మీద ఆ పిల్లాడి బాల్యం ఆధారపడి ఉంది.

ఆటిజం, ఏడీహెచ్‌డీ, డిస్‌లెక్సియా వచ్చి తగ్గిపోయే జబ్బులు కావు. ఆ మెదడు మొదటి నుంచీ వేరే తీరున ఎదుగుతుంది. ఈ తేడాలను మనుషుల్లో సహజంగా ఉండే వైవిధ్యంగా చూడాలని 1990ల చివర్లో ఆటిజం ఉన్నవాళ్లే గట్టిగా అడగడం మొదలుపెట్టారు. న్యూరోడైవర్సిటీ అనే మాట అప్పుడే వాడుకలోకి వచ్చింది. పిల్లాణ్ణి ఉన్నవాణ్ణి ఉన్నట్టు ఒప్పుకుని, వాడి బాధను తగ్గించే థెరపీ ఆ ఆలోచన నుంచి పుట్టిందే.

మన దేశంలో ఆటిజాన్ని నిర్ధారించడానికి ఇసా అనే కొలమానం వాడతారు. దాన్ని తయారుచేసింది సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థ. అందులో 40 అంశాలుంటాయి. ఒక్కోదానికీ 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. మొత్తం 70కి తగ్గితే ఆటిజం లేనట్టు. కళ్లలోకి చూడకపోవడం, చేతులు ఆడించడం, విన్నమాటే తిరిగి అనడం అన్నీ ఆ పట్టికలో ఉన్నాయి. గుర్తుపట్టడానికి అది అవసరమే. చిక్కల్లా ఆ పట్టికే థెరపీ పట్టికగా మారినప్పుడు వస్తుంది. చేతులు ఆడించడం ఆగింది, చాక్లెట్ చూపిస్తే కళ్లలోకి చూస్తున్నాడు, కాబట్టి నయమవుతోందని రాసేస్తారు. అమెరికాలో 1960ల్లో లొవాస్ అనే మనస్తత్వవేత్త పిల్లల్ని ఇలా దిద్దడానికి చెంపదెబ్బలు, కరెంటు షాకులు కూడా వాడాడు. ఆ పద్ధతి వారసులు ఇప్పుడు చాలా మారారు. అయినా ‘అందరిలా కనబడాలి’ అన్న లక్ష్యం మాత్రం చాలాచోట్ల అలాగే ఉంది.

“అన్నం తింటావా నాన్నా?” అంటే పిల్లాడు “అన్నం తింటావా నాన్నా” అనే అంటాడు. “తింటాను అను, తింటాను అను” అని పదిసార్లు అనిపిస్తే వాడికి మిగిలేది విసుగే. ఆ తిరిగి అనడమే చాలాసార్లు వాడి ‘ఊఁ’. అది తెలిసిన స్పీచ్ థెరపిస్టు ముందు కంచం పెట్టమంటుంది, తర్వాత పిల్లాడి గొంతుతో తానే “నేను తింటా” అని ఊరుకుంటుంది. కొన్నాళ్లకు వాడు దాన్నే ఎత్తుకోవచ్చు. అసలు మాటలు రాని పిల్లలకు బొమ్మల కార్డులు గానీ, టాబ్లెట్‌లో మాట్లాడే యాప్ గానీ ఇస్తారు. అవి అలవాటైతే మాటలు రావేమోనని పెద్దవాళ్ల భయం. పరిశోధనలు ఆ భయానికి ఆధారం లేదనే చెబుతున్నాయి.

ఒప్పుకోవడం అంటే ఊరికే వదిలేయడం కాదు. మూర్ఛ ఉంటే మందులు వాడాల్సిందే. తలను గోడకేసి కొట్టుకుంటుంటే కారణం వెతకాలి. అది పంటినొప్పి కావచ్చు, మలబద్ధకం కావచ్చు, ఫంక్షన్ హాల్లో డీజే మోత కావచ్చు. స్టెమ్‌సెల్ ఇంజక్షన్ల పేరుతో లక్షలు అడిగేవాళ్లను మాత్రం నమ్మకండి. ఆటిజానికి వాటిని వాడొద్దని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది.

పిల్లాడికి పరీక్షలు చేస్తుండగా, “నా చిన్నప్పుడూ అంతే” అని తండ్రికి తట్టడం కొత్తేమీ కాదు. అక్కడి నుంచి భార్యాభర్తల విషయం మొదలవుతుంది. “ఇంట్లో కూరలు లేవు” అంటుంది ఆవిడ. ఆయన “అలాగా” అని కూర్చుంటాడు. ఆవిడకది నిర్లక్ష్యం. ఆయన విన్నది సమాచారం మాత్రమే. ఇలాంటిచోట అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉంటుందని పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో వివరించాడు. ఆయనకూ ఆటిజం ఉంది. మంచి కౌన్సెలర్ ఆ భర్తను ప్రేమలేనివాడనదు, భార్యను సర్దుకుపొమ్మనదు. “కూరలు తీసుకురండి, ఆరింటిలోపు” అని సూటిగా అడగడం ఆవిడకు నేర్పుతుంది. అడిగాక చేసిపెట్టే బాధ్యత ఆయనదే. ‘నా మెదడు ఇంతే’ అన్నది ఇంటిపని తప్పించుకునే సాకు కాకూడదు.

అందరికన్నా నలిగేది తల్లే. “నువ్వు సెల్లు ఇచ్చి పాడుచేశావు” అని ఇంటిల్లిపాదీ అంటారు. తల్లి ప్రేమ చాలకే ఆటిజం వస్తుందని ఒకప్పుడు డాక్టర్లే అన్నారు, ఆ వాదన ఎప్పుడో వీగిపోయింది. అందుకే ఒక్క రోజైనా అమ్మమ్మనో నానమ్మనో వెంట తీసుకురమ్మని అడిగే సెంటరు నాకు నచ్చుతుంది.

డబ్బు పెట్టలేనివాళ్లు మండలంలో భవిత కేంద్రం గురించి, ప్రభుత్వ ఆసుపత్రిలో సత్వర చికిత్సా కేంద్రం గురించి అడగండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం, డిస్‌లెక్సియా లాంటి చదువు ఇబ్బందులు ఉన్నాయి. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాష నుంచి మినహాయింపు ఆ చట్టంలోనే రాసి ఉన్నాయి.

ఏ సెంటరులోనైనా చేర్పించే ముందు మూడు సంగతులు అడగండి: ఈ మూడు నెలల్లో ఏం సాధించాలనుకుంటున్నారు, పిల్లాడు వద్దంటే ఏం చేస్తారు, నన్ను లోపల కూర్చోనిస్తారా. లోపల ఏడుపు వినబడుతుంటే తల్లిని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, “అలవాటైపోతాడులెండి” అనే చోట రెండో రోజు డబ్బు కట్టకండి.