కెమేరా కొనబోయే ముందు

కెమేరా కొనదలచినవారు దుకాణంలో కెమేరానే చూస్తారు. అసలు చూడవలసింది దాని పొట్టలో దూరే గోరంత కార్డును! పెళ్ళిచూపులకు వెళ్ళి పిల్లవాడి క్రాఫింగు చూసి వచ్చేస్తే చాలునా? వంశమూ వర్తనా విచారించవద్దూ?

"సెల్‌ఫోను ఉండగా వేరే కెమేరా ఎందుకండీ?" అని మీరు అడగవచ్చు. సబబే. కాని విజయనగరంలో సిరిమానోత్సవం నాడు, అల్లంత ఎత్తున మాను కొసన కూర్చున్న పూజారిగారిని పట్టాలన్నా, టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చెట్లపై గూళ్ళు కట్టుకున్న పెలికాన్ పక్షులను చూపాలన్నా ఆప్టికల్ జూమ్ ఉండాలి. అందులో అద్దాలే కదిలి దూరాన్ని దగ్గర చేస్తాయి. డిజిటల్ జూమ్ చేసేదల్లా బొమ్మలో నడిమి ముక్కను కత్తిరించి సాగదీయడమే. దాని అంకె చూసి మురిసిపోకండి.

మెగాపిక్సెళ్ళ సంగతీ అంతే. 6×4 అంగుళాల ఫోటోకు, అంగుళానికి 300 చుక్కల లెక్కన, ఇంచుమించు 22 లక్షల చుక్కలు చాలు. ఏ4 కాగితం నిండా అచ్చు వేయించినా 87 లక్షలే. 10, 12 మెగాపిక్సెళ్ళు సంసారపక్షానికి పుష్కలం.

ఇక కార్డు. సోనీవారు 1998లో మెమరీ స్టిక్ తెచ్చారు. ఒలింపస్, ఫ్యూజీఫిల్మ్ కంపెనీలు 2002లో ఎక్స్‌డీ కార్డు తెచ్చాయి. ఈ రెండింటి నడుమ, 1999లో పానసోనిక్, శాన్‌డిస్క్, తోషిబా కలిసి ఎస్‌డీ కార్డును ప్రకటించాయి. చివరికి నిలిచింది అదే. 2010 నాటికి సోనీ, ఒలింపస్ కూడా తమ కెమేరాల్లో ఎస్‌డీకి చోటిచ్చాయి. ఎక్స్‌డీ కనుమరుగైంది.

"అయితే మాకేం?" అంటారా? మా వీధిలో ఒక పెద్దావిడ ఎక్స్‌డీ కార్డును చెంగున ముడివేసి తెచ్చింది. కెమేరా ఎప్పుడో పాడైందట.

"మేష్టారూ, మా ఆయనతో అరసవల్లి వెళ్ళినప్పటి ఫోటోలు ఇందులోనే ఉన్నాయి. ఆయన పోయాక మళ్ళీ చూళ్ళేదు. ఎలాగైనా తీయించండి బాబూ!" అంది.

ఊళ్ళో ఏ దుకాణంలోని రీడరులోనూ ఆ కార్డు పట్టలేదు. ఎట్టకేలకు విశాఖలో ఒక పాత రీడరు దొరికి ఫోటోలు దక్కాయి. అందరికీ అలా దొరుకుతుందని చెప్పలేం. శ్రీముఖలింగం శాసనాలు నేడు మనతో మాట్లాడుతున్నాయంటే, రాయి నిలవడమొకటే కారణం కాదు, ఆ లిపి చదవగలవారు మిగలడం కూడా. కార్డుకూ అదే న్యాయం.

కనుక చౌకలో పాత కెమేరా కొన్నా ఎస్‌డీదే కొనండి. అందులోనూ తరాలున్నాయి. మొదటిది 2 జీబీ వరకు, 2006లో వచ్చిన ఎస్‌డీహెచ్‌సీ 32 జీబీ వరకు, 2009లో వచ్చిన ఎస్‌డీఎక్స్‌సీ 2 టీబీ వరకు. పెద్ద చెప్పులో చిన్న కాలు దూరుతుంది గాని, చిన్న చెప్పులో పెద్ద కాలు దూరదు. పాత కెమేరా కొత్త తరం కార్డును గుర్తించకపోవచ్చు. ఏ తరం పడుతుందో ముందే అడగండి.

దుకాణంలోనే లెన్సు సాఫీగా వచ్చిపోతున్నదా చూడండి. బ్యాటరీ బయట దొరికే రకమో కాదో విచారించండి. కార్డు ఇంటికి తెచ్చాక ఒకసారి నిండా ఫైళ్ళు నింపి, తెరిచి చూడండి. 32 అని అచ్చువేసి అంతకు తక్కువ పట్టే నకిలీలు సంతలో ఉన్నాయి. ఫోటోలు చెరిగిపోకుండా కార్డు పక్కనున్న చిన్న మీటను 'లాక్' వైపు జరిపితే మంచిది.

చివరిగా ఒక మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చివేసింది. అటువంటి రోజున బీరువాలోని ఫోటోలకు దిక్కెవరు? ఒక ప్రతి ఇంట్లో ఉంచి, మరో ప్రతి పై ఊళ్ళో ఉన్న అమ్మాయి దగ్గరో అబ్బాయి దగ్గరో దాచండి. కెమేరా పోతే మరొకటి కొనుక్కోవచ్చు. అమ్మమ్మ నవ్వును ఏ దుకాణంలో కొంటాం?