గూడుబండి కాబోయే పికప్

పడకను, పొయ్యిని, నీళ్లను బండిలోనే పెట్టుకుని, పొద్దుగూకిన చోట ఆగుతూ రోజుల తరబడి సాగే ప్రయాణానికి ఓవర్‌ల్యాండింగ్ అని పేరు. ఆస్ట్రేలియాలో పశువుల మందలను వందల మైళ్లు తోలుకుపోయిన కాపరుల నుంచి వాడుకలోకి వచ్చిన ఈ మాట కొత్తదే అయినా, వెదురు బద్దల మీద చాప కప్పి, లోపల వరిగడ్డి పరిచి, ఇంటిల్లిపాదీ తిరునాళ్లకు కదిలిన గూడుబండిని ఎరిగిన సీమ పల్లెలకు ఆ పని కొత్తది కాదు. 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య కడప మీదుగా అహోబిలం, శ్రీశైలం దారి పట్టింది కూడా గుడారాలను, వంట సామానును, పరివారాన్ని వెంటబెట్టుకునే. మైలవరం జలాశయం, దానికి ఎగువన ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్న పారే గండికోట లోయ, ఉత్తరాన బెలుం గుహలు, ఆపైన యాగంటి, అహోబిలం ఒకే చుట్టులో కలిసివచ్చే జమ్మలమడుగు ప్రాంతంలో ఇటువంటి బండికి కావలసినంత దారి ఉంది. ఏ పికప్ మీద ఆ గూడు కట్టించుకోవాలన్నదే తేలవలసిన విషయం.

కొనబోయేవారు సాధారణంగా ఇంజిన్ బలాన్ని ముందు అడిగి, ఫోర్ బై ఫోర్ ఉందా అని తరువాత అడిగి, బరువు సంగతిని గూడు కట్టించాక గాని తలుచుకోరు. ఈ వరుస తలకిందులు కావాలి. ఆర్సీలోనో, కంపెనీ బండికి బిగించిన ప్లేటు మీదనో రెండు అంకెలు ఉంటాయి: ఖాళీ బండి బరువు ఒకటి, మనుషులతో, సరుకుతో కలిపి బండి మోయదగిన గరిష్ఠ బరువు రెండోది. ఈ రెండింటి మధ్య తేడాయే గూడుకు, సామానుకు, మనుషులకు మిగిలే వాటా. ఇద్దరు మనుషులకు 140 కేజీలు, ఇనుప యాంగిళ్లు, రేకు, ప్లైవుడ్‌తో కట్టే గూడుకు 300 కేజీలు, 80 లీటర్ల నీళ్లకు అన్నే కేజీలు, బ్యాటరీకి, సోలార్ పలకలకు 50, పడక, గిన్నెలు, పొయ్యి, సిలిండర్ కలిపి 100, జాకీ, పనిముట్లు, తాళ్లకు 60 వేసుకుంటే లెక్క 730 కేజీలకు చేరుతుంది. దీనిలో తగ్గించుకోదగినవీ లేకపోలేదు. ఇళ్లలో ఇన్వర్టర్‌కు వాడే 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ ఒక్కటే 50 కేజీలు దాటుతుంది గాని, 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ 12 కేజీల దగ్గర తూగుతుంది, పైగా నిలువ చేసిన కరెంటును దాదాపు చివరిదాకా వాడుకోనిస్తుంది.

బరువు ఎక్కువ మోసే బండి కొంటే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే. సరుకుల పికప్‌ల వెనుక ఇరుసు మీద కమాన్ కట్టలు ఉంటాయి. ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు ఉక్కు పట్టీల దొంతర అది, బరువు పడినప్పుడే వంపు సాగి గతుకును మింగుతుంది. రెండు టన్నులు మోయడానికి చేసిన కట్ట మీద 700 కేజీలే పడితే పట్టీలు కదలక, వెనుక చక్రం గుంతగుంతకూ ఎగిరి, పడక మీది మనిషి నడుమును, అల్మరాలోని పప్పు డబ్బాలను ఒకే తీరుగా కుదిపేస్తుంది. కట్టిన గూడు, సామాను, మనుషులు కలిసి బండి మోయగల బరువులో సగానికి తగ్గకుండా, నాలుగింట మూడు వంతులకు మించకుండా ఉండేలా చూసుకోవడం మంచి లెక్క. ఆ లెక్క ప్రకారం 1.3 టన్నుల తరగతి బొలేరో పికప్ చాలామందికి సరిపోతుంది; 2022లో వచ్చిన టాటా యోధా 2.0 రెండు టన్నులు మోయగలది గనుక, పెద్ద గూడు కట్టేవారికే దానితో పని.

ఒంటి క్యాబిన్ పికప్ తొట్టి ఎనిమిది, తొమ్మిది అడుగులు ఉంటుంది కాబట్టి మనిషి కాళ్లు చాపుకుని అందులోనే పడుకోవచ్చు. రెండు వరుసల సీట్లున్న డబుల్ క్యాబ్‌లలో తొట్టి అయిదడుగులకు కుదించుకుపోతుంది గనుక పడకను పైకప్పు మీది మడత గుడారంలోకి మార్చక తప్పదు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016లో మొదలైన కర్మాగారం నుంచి వచ్చే ఇసుజు వీ-క్రాస్, 2022లో మన దేశంలో విడుదలైన టయోటా హైలక్స్ ఈ రెండో కోవకు చెందినవి. కువైట్‌కు పోయివచ్చిన కడప జిల్లా వారికి అక్కడివారు వానెట్ అని పిలిచే పికప్‌లూ, నవంబరు నడుమ నుంచి మార్చి నడుమ వరకు ఎడారిలో వెలిసే గుడారాలూ తెలిసినవే కనుక, ఈ కోవ బండ్ల మీద వారికి మక్కువ ఉండటం సహజం. మహీంద్రా బొలేరో క్యాంపర్ పేరులోనే విడిది ఉన్నా, ఆ బండి ఎక్కువగా మోసేది పనివాళ్లనూ సామానునూ కావడం ఒక చమత్కారం.

నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలాన్ని అందించే ఫోర్ బై ఫోర్ అక్కరకు వచ్చేది ఎప్పుడో ఈ నేలను బట్టే తేలుతుంది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టూ ఉన్న నల్లరేగడి ఎండలో రాయిలా బిగుసుకుని మామూలు బండినైనా పోనిస్తుంది గాని, ఒక్క గట్టి వాన పడితే బంకగా మారి టైరు గాళ్లలో నిండిపోయి, గాళ్లు కనబడని నున్నటి చక్రాన్ని తయారుచేస్తుంది. అప్పుడు రెండు చక్రాలు జారే చోట నాలుగూ జారతాయి. చేను గట్టు పక్కన రాత్రి ఆగిన బండి తెల్లారి కదలాలంటే, బలమైన ఇంజిన్ కంటే ఆగే ముందు చూసుకున్న గులకనేల ఎక్కువ మేలు చేస్తుంది. ఎర్రమల వాలుల్లో, వదులు రాళ్ల ఎక్కుడులో మాత్రం ఫోర్ బై ఫోర్‌కు, దానికి తోడు వేగం తగ్గించి లాగుడు పెంచే లో రేంజ్ గేరుకు నిజమైన విలువ ఉంది.

మే నెలలో 40 డిగ్రీలు దాటే ఈ సీమలో వట్టి రేకు గూడు పగలు పొయ్యి మీది పెనమే. రేకుకూ ప్లైవుడ్‌కూ మధ్య వేడిని ఆపే పఫ్ షీటు, పైన తెల్ల రంగు, వేడి గాలి పోవడానికి కప్పులో ఒక కిటికీ, చల్లగాలి రావడానికి కింద మరొకటి ఉండాలి. తలుపులు మూసుకుని లోపల గ్యాస్ వెలిగిస్తే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది కాబట్టి వంట బయటే చేసుకోవాలి.

చట్టం సంగతి చాలామంది డబ్బు ఖర్చయ్యాక తెలుసుకుంటారు. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ నిర్దేశించిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ పొంతన లేకుండా పోయేలా యజమాని బండిని మార్చరాదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. సొంత వాడకపు క్యాంపర్ వ్యాన్ అనే తరగతి కేంద్రం ప్రకటించిన జాబితాలో ఉంది, మోటారు కారవాన్‌లకు ఏఐఎస్-124 అనే ప్రమాణమూ ఉంది. అయితే షెడ్డులో వెల్డింగు పెట్టించినంత మాత్రాన పసుపు ప్లేటు సరుకుల బండి ఆ తరగతిలోకి మారదు. అందుకే రవాణా అధికారిని, బీమా సంస్థను ముందే అడగడం, లేదా వీ-క్రాస్, హైలక్స్ వంటి తెల్ల ప్లేటు పికప్ కొని, ఊడదీయదగిన సామానుతో సరిపెట్టుకోవడం మేలు. లైసెన్సు విషయంలో మాత్రం చిక్కు తీరింది: 7,500 కేజీల లోపు రవాణా వాహనాన్ని ఎల్‌ఎంవీ లైసెన్సుతోనే నడపవచ్చని 2024 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది.

పాత పికప్ కొనేవారు అది ఏం మోసిందో ముందు కనుక్కోవాలి. చీనీ కాయలో, పులివెందుల అరటి గెలలో మోసిన బండికీ, కడప బండలు మోసిన బండికీ కిందికి వంగి చూస్తే తేడా తెలుస్తుంది. బండలు మోసినదాని కమాన్ పట్టీలు వంపు పోయి తిన్నగా సాగి ఉంటాయి. కట్ట చివరలు ఛాసిస్‌కు తగిలే చోట వెల్డింగు మచ్చలు, వాటిని దాచే కొత్త నల్లరంగు కనిపిస్తే ఆ బేరం వదులుకోవాలి.

గూడు కట్టించాక, నీళ్లు నింపి, మనుషులు కూర్చున్న బండిని వేబ్రిడ్జి కాటా మీదికి మూడు విడతలుగా ఎక్కించాలి: ముందు చక్రాలు మాత్రమే, తరువాత బండంతా, చివరికి వెనుక చక్రాలు మాత్రమే. ఇరుసుల మధ్య దూరం 3.1 మీటర్లుండే పికప్‌లో, వెనుక ఇరుసుకు మీటరు అవతల నూరు కేజీల నీళ్ల ట్యాంకు పెడితే వెనుక ఇరుసు మీద 132 కేజీలు పడి, ముందు చక్రాల మీద 32 కేజీలు తగ్గుతాయి. స్టీరింగు చేతికి తేలికవుతుంది, బ్రేకు నొక్కినప్పుడు ముందు టైర్ల పట్టు తగ్గుతుంది. కాటా చీటీలో ముందు అంకె తక్కువ వస్తే ట్యాంకును క్యాబిన్ గోడ దగ్గరికి జరిపించి, మళ్లీ తూయించాలి.