సెంటీమీటరు వానకే ఎకరాకు 40 వేల లీటర్లు.. ఆపడం నేర్పేదెక్కడ?

ఎకరం చేనులో ఒక్క సెంటీమీటరు వాన పడితే ఎంత నీరో తెలుసా? దాదాపు 40 వేల లీటర్లు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది! వాలు చేనైతే అందులో చాలా భాగం వాగు పాలే. పైమట్టి, దాంతోపాటు చల్లిన ఎరువూ గోవిందా.

ఆ నీటిని చేనులోనే ఆపడం కృషి విజ్ఞాన కేంద్రాల్లో నేర్పుతారు. వాలుకు అడ్డంగా దున్నడం, గట్లు వేయడం, నీటి కుంట ఎక్కడ తవ్వాలి.. ఇలాంటివన్నీ. ఏపీలో రైతు సేవా కేంద్రం, తెలంగాణలో రైతు వేదికలోని సిబ్బందిని అడిగితే శిక్షణ తేదీలు తెలుస్తాయి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇలాంటి శిక్షణతో ఏమొస్తుందంటారా? ఉమ్మడి ఏపీలో అనంతపురం, మహబూబ్‌నగర్ సహా ఏడు జిల్లాల్లో ఎఫ్‌ఏఓ సాయంతో బావుల్లో నీటిమట్టం కొలవడం రైతులకే నేర్పారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని.. ఉన్న నీరెంత, ఏ పంటకెంత కావాలో లెక్కేసుకునేవారు. వరి వేయొద్దని ఎవరూ ఆర్డర్ వేయలేదు. లెక్క చూశాక చాలా చోట్ల రైతులే తగ్గించుకున్నారు.

అన్నట్టు, శిక్షణకు వెళ్లేటప్పుడు పై చేను రైతునూ వెంటబెట్టుకెళ్లడం మంచిది. అక్కడ గట్టు లేకపోతే, కింద ఎంత గట్టిగా వేసినా ఒక్క పెద్ద వానకే తెగిపోతుంది.