ఓడినవారి నోట పురాణకథ

శామీర్‌పేట చెరువునకు అనతిదూరమున, మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోనే, కీసరగుట్ట యను శైవక్షేత్రము కలదు. మహాశివరాత్రినాడు జంటనగరములనుండియు, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల పల్లెలనుండియు వేలకొలది జనము ఆ గుట్ట నెక్కి రామలింగేశ్వరుని దర్శించుకొందురు. ఆ స్వామి వెలసిన విధమును గూర్చి అచ్చట చెప్పుకొను స్థలపురాణ మిది: రావణుని వధించిన శ్రీరాముడు, పులస్త్యవంశమున జన్మించిన విప్రుని చంపిన పాపము తన్నంటెనని యెంచి, ప్రాయశ్చిత్తముగా శివలింగమును ప్రతిష్ఠింప సంకల్పించి, లింగమును తెచ్చుటకై హనుమంతుని కాశికి పంపెను; ముహూర్తము మీరుచున్నను అతడు రాకపోవుటచే, శివుడే ప్రత్యక్షమై యొసగిన లింగమును ప్రతిష్ఠించెను; ఆలస్యముగా వచ్చిన హనుమంతుడు తాను మోసికొనివచ్చిన 101 లింగములను కినుకతో గుట్టయంతటను విసరివైచెను. నేటికిని ఆలయపరిసరమున ఆరుబయట శివలింగములు చెల్లాచెదురుగా కానవచ్చుచుండును.

హనుమంతుని కినుకకంటెను ఈ కథలో నన్నెక్కువగా ఆకర్షించునది, జయించినవాడు తాను చంపినవానికి ఋణపడియుండుట. దశకంఠుడు నేలకొరగిన తోడనే మంగళహారతి పాడి లేచిపోవుటకు మన పూర్వులకు మనసొప్పలేదు. అతడు వేదవేత్త, శివభక్తుడు, ఒక తల్లికి కొడుకు, ఒక యిల్లాలికి మగడు; అట్టివానిని చంపవలసివచ్చిన చేతికి సైతము కడుగుకొనవలసిన దేదో మిగిలెనని వారికి తోచినది. ప్రతినాయకుని కన్నులతో కథను చూచు సాహిత్యమునకు మూలబీజము ఈ సంకోచముననే యున్నదని నా యభిప్రాయము.

ఇట్టి రచనలు నేడు ప్రపంచమంతటను విరివిగా వెలువడుచున్నవి. 1900లో ఎల్. ఫ్రాంక్ బామ్ వ్రాసిన ఓజ్ మాంత్రికుని కథలో పిల్లలను భయపెట్టుటకే పుట్టినట్లుండు పడమటిదిక్కు మంత్రగత్తెను గ్రహించి, ఆమెకు పేరును, బాల్యమును, చదువును, స్నేహమును కల్పించి, గ్రెగరీ మెగ్వైర్ 1995లో ‘వికెడ్’ అను నవలను వ్రాసెను. అది 2003లో సంగీతనాటకమై, 2024లో చలనచిత్రమై, మూలకథను చదువనివారికి సైతము పరిచితమైనది. అంతకు పూర్వమే, 1971లో, జాన్ గార్డ్‌నర్ ప్రాచీనాంగ్ల వీరగాథలో వీరుని చేత హతుడైన గ్రెండెల్ అను రాక్షసుని చేతనే అతని కథను చెప్పించెను. మన దేశమున వంగకవి మైకేల్ మధుసూదన దత్తు 1861లోనే మేఘనాదుని మరణమును కావ్యవస్తువుగా గైకొని లంక పక్షమున కన్నీరు కార్చెను. తమిళనాట పులవర్ కుళందై 1946లో వెలువరించిన ‘రావణ కావియము’ 1948లో నిషేధమునకు గురియై, 1971 వరకు విముక్తి నొందలేదు. కథను ఎవరు చెప్పవలెనను ప్రశ్నకు ప్రభుత్వములే కలవరపడిన సందర్భములు గలవన్నమాట.

తెలుగునాట ఈ దృష్టి కొత్తగా దిగుమతియైనది కాదు. 13వ శతాబ్దమున గోన బుద్ధారెడ్డి ద్విపదలో రచించిన రంగనాథ రామాయణమున, వాల్మీకియందు కానరాని సులోచనా వృత్తాంతము కలదు; ఇంద్రజిత్తు మరణించిన పిదప అతని యిల్లాలి దుఃఖమును వినుటకు ఆ కవి యుద్ధకథను కొంతసేపు నిలిపెను. అదే కావ్యమున రాముని విలువిద్యను రావణుడే మెచ్చుకొనును. శత్రువును మెచ్చగలవానిని కేవలదుష్టుడని త్రోసివేయుట పాఠకునకు కష్టము.

కాని నా హృదయమును మరింత లోగొన్నవి తెలుగు స్త్రీలు ఇండ్లలో తమలో తాము పాడుకొనుచు వచ్చిన రామాయణపు పాటలు. వానిలో నొకదానియందు, పట్టాభిషేకానంతరము శూర్పణఖ మారువేషమున అయోధ్యకు వచ్చి, రావణుని రూపము వ్రాసి చూపుమని సీతను కోరును. పరపురుషుని తలయెత్తి చూడని సీత, తాను చూచినది అతని కాలి బొటనవ్రేలు మాత్రమే యని చెప్పి, దానినే వ్రాసి యిచ్చును. శూర్పణఖ తక్కిన రూపమును పూర్తిచేసి, బ్రహ్మచే దానికి ప్రాణము పోయించును. ఎట్లు నశింపజేయ యత్నించినను ఆ చిత్తరువు నశింపదు. కడకది రాముని కంటబడి సీత అడవులపాలగుటకు హేతువగును. ఈ పాటలో శూర్పణఖ మంచిది కాదు, ఆమెను మంచిదిగా చేయవలెనని పాడువారు యత్నింపనులేదు. ఐనను ముక్కుచెవులు కోయించుకొని పోయిన యాడుది తరువాత ఏమైనదని వారడిగిరి. అన్న పోయెను, ఊరు కాలెను, కోయబడిన ముఖము మిగిలెను. అట్టి యామె ఊరకుండునా యని యోచించిన బుద్ధి, అదే యింటిలో అట్టివే యవమానములను దిగమ్రింగి బ్రదికిన స్త్రీల బుద్ధియే యని నాకు తోచును.

ఆధునికకాలమున ఈ పనికి పూనుకొన్నవారిలో త్రిపురనేని రామస్వామి చౌదరి ప్రథమగణ్యులు. ఐర్లాండు వెళ్లి బారిస్టరు పట్టము పొందివచ్చిన ఆయన 1920 ప్రాంతమున ‘శంబుకవధ’ నాటకము వ్రాసి, తపస్సు చేసిన నేరమునకు తల పోగొట్టుకొన్న శూద్రుని పక్షమున నిలిచిరి. నల్సార్ న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయము నెలకొనియున్న శామీర్‌పేటలో, ఉభయపక్షముల వాదమును వినక తీర్పు చెప్పరాదను సూత్రమును ఎవ్వరికిని నేర్పనక్కరలేదు. ఆ సూత్రమునే రామస్వామి చౌదరి పురాణమునకు వర్తింపజేసిరి. ఆయన ధైర్యమునకు నేను నమస్కరింతును. ఐనను వాదపటిమ మిక్కుటమైనచోట పాత్ర సన్నగిల్లుట సహజము; శంబుకుని వాదము మనకు గుర్తుండినంతగా శంబుకుడు గుర్తుండడు.

ఆ కొరతను తెరమీద తీర్చినవారు నందమూరి తారక రామారావు. రామునిగా, కృష్ణునిగా జనుల పూజలందుకొనిన ఆ నటుడు 1958లో ‘భూకైలాస్’ చిత్రమున రావణపాత్ర ధరించి, 1961లో తన దర్శకత్వముననే నిర్మితమైన ‘సీతారామ కల్యాణం’లో రాముని వేషమును హరనాథ్‌కు విడిచి, తాను మరల రావణుడయ్యెను. 1977 సంక్రాంతికి విడుదలైన ‘దానవీరశూరకర్ణ’లో కృష్ణ, కర్ణ, దుర్యోధన పాత్రలు మూడింటిని తానే ధరించెను. అందు కొండవీటి వెంకటకవి సంభాషణల బలమున, కుమారాస్త్రవిద్యా ప్రదర్శనసభలో కర్ణుని పుట్టుకను ఎత్తిపొడిచిన పెద్దలను దుర్యోధనుడు వారి వారి పుట్టుకలనే యెత్తి నిలదీయు ఘట్టమును కంఠస్థము చేయని తెలుగుపల్లె యరుదు. ఆ దుర్యోధనునకు రాణితో ప్రణయగీతము సైతము కలదు. ద్రౌపదికి చేసిన యవమానమును ప్రేక్షకుడు మరువడు. కర్ణుని భుజముపై వేసిన చేతిని మరువజాలడు.

ఓల్గా ‘విముక్త’ కథలు ఈ మార్గమున నాకు శిఖరప్రాయములు. 2015లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారము నందిన ఆ సంపుటిలో ‘సమాగమం’ అను కథ కలదు. పరిత్యక్తయై వాల్మీకి యాశ్రమమున నున్న సీత, తన కుమారులు చెప్పిన యొక సుందరమైన తోటను గూర్చి విని, దానిని పెంచినది శూర్పణఖయని తెలిసికొని, ఆమెను కలిసికొనును. రూపము చెడిన పిదప సౌందర్యమనగా నేమో మొదటినుండి నేర్చుకొనవలసివచ్చిన యామె, తీగెలతోను పూలతోను గడిపిన కాలమున ఆ విద్యను సాధించినది. ఇరువురు పురుషుల పగకు పావులైన స్త్రీ లిరువురు ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుకొందురు. పాత పాటలోని శూర్పణఖ పగబట్టి అయోధ్యకు వచ్చెను. ఈ కథలో సీతయే ఆమె యింటికి పోయెను. నడుమ గడచిన కాలమంతయు ఆ మార్పులో నున్నది.

ఇట్టి రచనలలో చెడినవానిని గూర్చియు చెప్పవలెను. దుష్టుని శిష్టునిగను, శిష్టుని దుష్టునిగను తారుమారు చేసి తృప్తిపడు రచయితలు గలరు. వారు తీర్పును మార్చుదురే కాని విచారణ చేయరు. రావణుని నిర్దోషిగా చూపు తొందరలో సీత యశోకవనమున కార్చిన కన్నీటిని మాయము చేయుదురు. పాతకథకు పనిలేకపోవుటచే అది చెప్పక విడిచిన దినములను, ఓడినవాని యింటి ఉదయములను, భోజనములను, భయములను చెప్పగలిగినపుడే క్రొత్తకథకు అర్హత కలుగునని నా నమ్మకము.

ఈ కొలమానముతో చూచినచో, ఇతిహాసములకు వెలుపల మన జానపదగాథలలో వ్రాయదగిన దెంతయో మిగిలియున్నది. బుర్రకథలలో పల్లెపల్లెను భయపెట్టి, 1942లో జెమినివారి ‘బాలనాగమ్మ’ చిత్రమున గోవిందరాజుల సుబ్బారావు నటనతో తెరకెక్కిన మాయల మరాఠీ యను మాంత్రికునే తీసికొనుడు. ఏడు సముద్రముల కావల చిలుకలో అతడు తన ప్రాణమును దాచుకొనెనని బాలురకెల్ల తెలియును. తన దేహమున ప్రాణము నిలుపుకొనుటకు వెరచునంతగా అతనిని చిన్ననాడు భయపెట్టినదెవరు? ఆ విద్యను నేర్పిన గురువెవడు, అందుకై అడిగిన దక్షిణయేమి? ఇన్నియేండ్లు చెరబట్టినను తనకు లొంగని బాలనాగమ్మ యెదుట ప్రతిదినము ఓడిపోవుచు అతడేమని తలపోసెను? ఆమె కుమారుడు బాలవర్ధిరాజు చిలుకను చేతబట్టి రెక్క విరిచిన క్షణమున, భుజము తెగిన బాధతో పాటు అతనికి ఇంకేమి తోచెను? మన నవలాకారులు మాయల మరాఠీని అడుగవలసిన ప్రశ్న లివి.